వాచీలో పట్టిన చెయ్యి

మా ఇంటికి చేపలు తెచ్చే చిట్టెమ్మకి ఫోన్లు నిలవవు. మొదటి ఫోను ఐసు తొట్టిలో పడి చచ్చిపోయింది. రెండోది జెట్టీ మీద నుంచి జారి సముద్రంలో పడింది. మూడోది మా ఇంటికొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఆవిడ వంటగదిలో వంజరం కోయడానికి కత్తిపీట వేసుకుని కూర్చునేసరికి చేప కడుపులోంచి ఫోను మోగింది. కడుపులోంచి కాదు, చేపతోపాటు సంచిలో పడిపోయి ఉంది, అంటుంది మా ఆవిడ. మోగినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఎక్కణ్ణుంచి మోగిందో నాకు తెలుసు. ఎత్తి "హలో" అన్నాను. అవతల చిట్టెమ్మే, వేరే ఎవరి ఫోనులోంచో. "బాబూ, నా ఫోను మీ సేపలో ఉండిపోనాదేటి?" అంది. ఇక మీరే చెప్పండి, ఎవరి మాట నిజమో.

ఆ తర్వాత ఆవిడ కూతురు సాయిదుర్గ తల్లికి వాచీ కొనిచ్చింది. ఆ పిల్ల జగదాంబ జంక్షన్ దగ్గర ఒక మొబైల్ షాపులో పనిచేస్తుంది. సిమ్ కార్డు అందులోనే పడుతుంది, మాటలూ బొమ్మలూ అందులోకే వస్తాయి, నీళ్లు తగిలినా ఏమీ కాదు, చేతికి కట్టేసి ఉంటుంది కాబట్టి సముద్రంలోకీ మా వంటింట్లోకీ పోదు. తెర అగ్గిపెట్టెంత. చిట్టెమ్మ ముంజేతికి ముందునుంచీ ఉన్న ఎర్ర గాజుల మధ్య ఆ నల్ల వాచీ, పెళ్లివారింట్లో పోలీసులా కూర్చుంది.

చిక్కల్లా ఒకటే. చేపల తడి వేళ్లతో తాకితే ఆ తెర ఒక్క మాటా వినదు. అటు తోస్తే ఇటు పోతుంది, ఫొటో తెరవమంటే ఎవరికో ఫోను కలుపుతుంది. రెండు రోజులు అవస్థపడి చిట్టెమ్మ ఉపాయం కనిపెట్టింది. ముక్కుతో నొక్కడం మొదలుపెట్టింది. మణికట్టు మొహం దగ్గరికి తెచ్చుకుని, ముక్కు కొనతో ఇటు రాస్తే తర్వాతి ఫొటో, అటు రాస్తే ముందు ఫొటో, రెండుసార్లు టకటక పొడిస్తే ఫొటో పెద్దదవుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకి ఆవిడ తన చేతిని తానే ముద్దు పెట్టుకుంటున్నట్టుంటుంది. విశాఖపట్నం వచ్చిన ఒక జపాను ఇంజనీరు ఇది చూసి, మేం ఇన్నాళ్లూ తెరలు వేళ్ల కోసం తయారు చేసి పొరపాటు చేశామని మా పోర్టు ఆఫీసులో తల పట్టుకున్నాడు. నేను రిటైరయ్యాక జరిగింది కాబట్టి కళ్లతో చూడలేదు, అంతే.

ఆ వాచీ వచ్చాక ఫిషింగ్ హార్బరులో సినిమా హాలు తెరిచినట్టయింది. చిట్టెమ్మ మేనకోడలి పెళ్లి వీడియో ఒకటి అందులో ఉంది. వేలంపాటకీ వేలంపాటకీ మధ్య జట్టు ఆడవాళ్లంతా బుట్టలు బోర్లించుకుని చుట్టూ చేరేవారు. ఒక చెయ్యి, దాని మీద వంగిన అరడజను తలలు. పెళ్లికొడుకు చీమంత, పెళ్లికూతురు ఇంకా కాస్త చిన్న చీమంత. తాళి కట్టేటప్పుడు మాత్రం ఎవరి తలో ఒకటి అడ్డం వచ్చేది. మళ్లీ మొదటినుంచి వెయ్యమనేవారు. పక్క బుట్ట ముసలమ్మకి ఆ పెళ్లి ఎన్నిసార్లు చూసినా తాళి కట్టడం కనబడలేదు. "ఈళ్లకి పెళ్లయినట్టు నానైతే సాక్ష్యం సెప్పను" అనేది.

ఇదంతా పైపైన జరిగే తమాషా. వాచీలోకి అసలు రావలసింది వేరే ఉంది. అది చిట్టెమ్మ భర్త గురువులు పంపే ఫొటో.

గురువులు మరబోటు మీద కలాసీ. బోటు కదిలిందంటే వారం పది రోజులు సముద్రం మీదే. మనిషి మంచివాడే గానీ మాటలు చాలా పొదుపు. ఒకసారి నేను జెట్టీ మీద అతన్ని ఎలా ఉన్నావయ్యా అని అడిగితే, తర్వాతి ట్రిప్పు వెళ్లొచ్చాక "బాగున్నాను" అన్నాడు. కూతురు ఫోను కొనిస్తానంటే వద్దన్నాడు. అదే బోటులో చిట్టెమ్మ తమ్ముడు కోటి కూడా పనిచేస్తాడు, ఫోను అతని దగ్గర ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ మసకమసకగా కనబడేసరికి ఫోనుకి సిగ్నల్ అందుతుంది. అప్పుడు కోటి పెద్ద చేపనొకదాన్ని బోటు పలక మీద పరిచి ఫొటో తీసి అక్కకి పంపిస్తాడు. ఉత్త చేపని తీస్తే అది జానెడో బారెడో తెలియదు కదా, అందుకని పక్కన గురువులు చెయ్యి పెడతాడు. ఆ చేతిని కొలతగా తీసుకుని చిట్టెమ్మ ఒడ్డు మీద ముందే మాట్లాడుకుంటుంది, ఏ హోటలుకి ఏది, ఏ పెళ్లివంటకి ఏది అని.

అందరూ అనుకునేది ఇంతే. నేను ఆవిడ పక్కనే నిలబడి చేపలు బేరం చేసే మనిషిని కాబట్టి ఇంకొకటి చూశాను. ఫొటో రాగానే చిట్టెమ్మ ముక్కుతో రెండుసార్లు పొడిచేది చేప మీద కాదు, చేతి మీద. చెయ్యి తెరనిండా వచ్చేది. దాన్ని అలా ఒక నిమిషం చూసి, అప్పుడు తాపీగా చేప దగ్గరికి వెళ్లేది. గురువులు కుడి మణికట్టు మీద ఒక పచ్చబొట్టు ఉంది. పెళ్లయిన కొత్తలో జాతరలో చేప బొమ్మ వెయ్యమంటే ఆ పచ్చబొట్టు మనిషి వేసిన పనితనానికి అది వంకాయలా వచ్చింది. ఆ వంకాయ కనబడితే చాలు, మనిషి క్షేమం. వేళ్లు వాచలేదు, కట్టు లేదు, వంకాయ ఉంది. మాటలాడని మొగుడి దగ్గర్నుంచి వచ్చే ఉత్తరం అదే.

పోయిన భాద్రపదంలో ఒక ఉదయం. అంతకుముందు రెండు రోజులుగా గాలి విపరీతంగా ఉంది. బోట్లన్నిటినీ వెనక్కి రమ్మన్నారు. ఒక్కొక్కటే వచ్చి జెట్టీకి తగులుతోంది. నేను సంచి పట్టుకుని వెళ్లేసరికి చిట్టెమ్మ ఐసు పెట్టె పక్కన నిలబడి ముసలమ్మతో ఏదో దెబ్బలాడుతోంది. వాచీ గుర్రుమంది. మణికట్టు ఎత్తింది, ముక్కు ఆనించింది.

ముక్కు అక్కడే ఉండిపోయింది.

మళ్లీ పొడిచింది. ఇటు జరిపింది, అటు జరిపింది. పైట చెంగుతో వేలు తుడుచుకుని, ఎన్నడూ లేనిది వేలితో నొక్కింది. తర్వాత ఫోను కలిపింది. కోటి ఫోను స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ముసలమ్మ దెబ్బలాట మధ్యలో ఆపేసి చూస్తోంది.

"బాబూ, ఇలా రా" అని నన్ను పిలిచింది. "కళ్లజోడు ఎట్టుకుని సూడు. ఇది మా ఆయన సెయ్యేనా?"

అగ్గిపెట్టెంత తెర. అందులో చేప దాదాపు లేదు, ఒక మూల తోక ముక్క మాత్రం ఉంది. మిగతాదంతా చెయ్యే. అదీ కాస్త కదిలిపోయి, అలికేసినట్టు. నేను సరిగ్గా చూడకుండానే, "ఆయనదే, ఇంకెవరిది?" అన్నాను.

"వంకాయేదీ?"

వంకాయ లేదు. మణికట్టు ఉన్నంత మేరా శుభ్రంగా ఉంది. పైగా బొటనవేలి మొదట్లో ఒక పాత గాటు, తెల్లటి గీతలా అడ్డంగా కనబడుతోంది.

"ఆయన సేతికి గాటు నేదు" అంది చిట్టెమ్మ. "నాకు తెల్దేటి."

నేను వెంటనే మొదలుపెట్టాను. ఉప్పునీళ్లలో పచ్చబొట్లు మాయమైపోవడం నేను కళ్లారా చూశాననీ, పోర్టులో ఒక మలయాళీ కలాసీ గుండె మీద వేయించుకున్న పెళ్లాం బొమ్మ మూడేళ్లలో అత్తగారిలా మారిపోయిందనీ. మామూలు రోజుల్లో అయితే చిట్టెమ్మ నా కథలకి బుట్ట దించి మరీ నవ్వుతుంది.

"కతలు సెప్పకు బాబూ" అంది. "ఇయ్యాల వద్దు."

ఆవిడ భయం ఏమిటో నాకు ముసలమ్మ చెవిలో చెప్పింది. వాళ్లలో ఒక పద్ధతి ఉందట. బోటు మీద మనిషికి ఏదైనా అయితే ఆ కబురు నీళ్ల మీద నుంచి పంపరు. పంపితే బోటు ఒడ్డుకి రాకముందే ఇంకొకటి జరుగుతుందని నమ్మకం. ఒడ్డు తగిలాక, తాడు కట్టాక, ఎదురుగా నిలబడి చెబుతారు. అంతవరకూ అంతా మామూలుగానే ఉన్నట్టు నడిపిస్తారు. ఇప్పుడు చిట్టెమ్మ ఆ ఫొటో చూసి అనుకున్నది అదే. అలవాటు ప్రకారం చేప ఫొటో రావాలి, చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి గలవాడు లేడు. అందుకని ఇంకెవడి చెయ్యో పెట్టి పంపారు. వంకాయ లేదని తెలియకుండా చెయ్యి ముందుకి తెచ్చి, చేపని పక్కకి తోసి, కదిలించి తీశారు. కోటి కావాలనే ఫోను ఆపేశాడు. అన్నీ సరిగ్గా అతికిపోయాయి.

బోటులో వైర్‌లెస్ ఉంటుంది కదా, ఆఫీసు గదిలోంచి పిలిచి అడుగుదాం పదమన్నాను. చిట్టెమ్మ తల అడ్డంగా ఊపింది. అడగకూడదట. చెప్పకూడనిది అడగనూ కూడదు.

చేసేదేమీ లేక నిలబడ్డాం. వచ్చే బోట్ల మీద నుంచి గంపలు దిగుతున్నాయి, వేలంపాటలు నడుస్తున్నాయి. ఒక హోటలు మనిషి వచ్చి వంజరం ఉందా అని అడిగితే చిట్టెమ్మ అతని వైపు చూసింది గానీ అతన్ని చూడలేదు. ముసలమ్మ ఆ మనిషిని పక్కకి తీసుకుపోయి తనే మాట్లాడింది. తర్వాత చిట్టెమ్మ బుట్టలు కూడా తన బుట్టల పక్కకి లాక్కుంది. మామూలుగా వీళ్లిద్దరూ జెట్టీ మీద ఒక అడుగు చోటు కోసం జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్లు. చిట్టెమ్మ ఐసు పెట్టె మీద కూర్చుంది. చల్లదనం కూడా తెలియనట్టు అలాగే కూర్చుంది. తెర ఆరిపోయిన ప్రతిసారీ మణికట్టు తిప్పేది, వెలిగేది, ఆ పరాయి చెయ్యి వచ్చేది.

సాయిదుర్గకి ఫోను చేద్దామా అన్నాను. వద్దంది. "పిల్ల షాపులో ఉంటాది. బోటు రానీ" అంది. మళ్లీ తనే, "ఎల్లేటప్పుడు టిఫిను డబ్బాలో పచ్చడి ఎయ్యనేదని కసిరాడు బాబూ. నాను మాట్లాడనేదు" అంది. నాకు తెలిసి గురువులు ఎవర్నీ కసిరిన మనిషి కాదు. కసిరాడంటే ఆ ఒక్క మాటా ఆవిడ ఎంత దాచుకుందో.

చివరికి గురువులు ఎక్కిన నీలం బోటు మలుపు తిరిగింది. జెట్టీ మీద ఆడవాళ్లందరికీ అప్పటికే సంగతి తెలిసిపోయింది. ఎవరూ ఆవిడ వైపు చూడటం లేదు, అందరూ ఆవిడ దగ్గరే ఉన్నారు. చిట్టెమ్మ మాత్రం బోటు వైపు చూడలేదు. కట్టబోయే తాడు పడే చోటు వైపు చూస్తోంది. తాడు వచ్చి పడింది. విసిరింది కోటి. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"ఎవుడి సెయ్యిరా అది?" అంది చిట్టెమ్మ. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ఆవిడ వేలంపాట పెడితే లంగరు వేసిన ఓడలు కదిలిపోవడం విన్న నా చెవులకి అది ఆవిడదనిపించలేదు.

"ఏ సెయ్యప్పా?" అని అక్కని అడిగాడు.

"ఫొటోలోది."

"బావదే" అన్నాడు కోటి.

"మీ బావ సెయ్యి నాకు తెల్దేట్రా?"

కోటి ఏదో అనేలోగా వెనక నుంచి ఐసు గంప నెత్తిన పెట్టుకుని, తలకి చుట్టిన తువ్వాలు కళ్ల మీదకి జారి, గురువులు వచ్చాడు. గంప దించాడు. ఎదురుగా ఇంతమంది ఆడవాళ్లు తననే చూస్తూ నిలబడటం చూసి, తన వెనక ఎవరున్నారా అని వెనక్కి తిరిగాడు.

చిట్టెమ్మ ఐసు పెట్టెలో చెయ్యి పెట్టి గుప్పెడు ఐసు తీసి అతని మీదకి విసిరింది. ఇంకో గుప్పెడు విసిరింది. తర్వాత కూలబడి పైట మొహానికి అడ్డం పెట్టుకుంది. గురువులు భుజం మీద ఐసు దులుపుకుంటూ బావమరిది వైపు చూశాడు.

అసలు సంగతి కోటి చెప్పాడు. ఈసారి ఫొటో తీసింది తను కాదు, బావే. ట్రిప్పంతా పక్కన కూర్చుని, ఎక్కడ నొక్కాలి, ఎలా పంపాలి అని నేర్చుకున్నాడట. మొదటి ఫొటో తనే పంపుతానని ఫోను లాక్కున్నాడట. పంపడం అయితే అయింది గానీ, అంతకుముందు నేర్చుకోవడానికి తీసిన బొమ్మలకి బ్యాటరీ అంతా అయిపోయింది.

"మరి వంకాయేదిరా?" అంది ముసలమ్మ.

"వంకాయ కుడి సేతికి గదా పిన్నీ. కుడి సేత్తో ఫోను అట్టుకున్నాడు. ఎడం సెయ్యి ఎట్టినాడు."

వాళ్లలో పట్టిన చేప మీద ఎడమ చెయ్యి వెయ్యరు. గంగమ్మ ఇచ్చినదాన్ని కుడి చేత్తోనే తాకాలి, కుడి చేత్తోనే ఎత్తాలి. పాలు తాగే పిల్లాడికి కూడా ఆ మాట చెప్పి పెంచుతారు. అందుకే చిట్టెమ్మకి అది ఎడమ చెయ్యి కావచ్చన్న ఊహ కూడా తట్టలేదు. చేప పక్కన చెయ్యి ఉందంటే అది కుడిదే అయి తీరాలి. కుడిదై వంకాయ లేదంటే అది గురువులుది కాదు. నేను చదివిన సిస్టర్ల కాన్వెంటులో ఎడమ చేత్తో రాసే పిల్లల్ని స్కేలుతో కొట్టి మాన్పించేవారు. ఆ సిస్టర్లు ఈ జెట్టీ మీదకి వచ్చి ఉంటే ముసలమ్మతో కలిసిపోయేవారు.

"ఓలమ్మా, ఎడం సెయ్యి ఏసీసినాడా?" అని ముసలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏటయ్యా గురువులూ, నీకు బుద్ధి ఉన్నాదా?"

గురువులు ఆలోచించాడు. "ఒక సేత ఫోను ఉన్నాది" అన్నాడు. "ఇంకో కుడి సెయ్యి నేదు."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, తర్వాత జెట్టీ జెట్టీ అంతా నవ్వింది. అవతల గట్టున మల్కాపురం వైపు డ్యూటీకి వెళ్లేవాళ్లు కూడా ఆ నవ్వుకి సైకిళ్లు ఆపుకున్నారని చెబుతారు. చెప్పింది నేనే. ముసలమ్మ నవ్వుతూనే బకెట్టెడు ఉప్పునీళ్లు తోడి, దోషం పోవడానికని అతని ఎడమ చేతి మీద గుమ్మరించింది. ఆ చేతితోపాటు లుంగీ కూడా పావనమైపోయింది.

చిట్టెమ్మ మాత్రం నవ్వలేదు. పైట తీసి లేచింది. ఇప్పుడు కోపం వచ్చింది, దుఃఖానికి చోటు దొరికాక వచ్చే కోపం.

"నీకెందుకయ్యా ఫొటోలు? తీసినోడివి సరిగ్గా తియ్యాలా? సేపేదీ అందులో? తోక ముక్క ఉన్నాది, మిగతాదంతా సెయ్యే. అది సూసి నాను హోటలోడికి ఏటి సెప్పాలి?"

గురువులు తడిసిన చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. తన మొదటి ఫొటో బాగా రాలేదని కాస్త నొచ్చుకున్నట్టే ఉన్నాడు. ఏమీ అనడనుకున్నాను.

"నువ్వు సేపనెప్పుడు సూసినావు?" అన్నాడు.

చిట్టెమ్మ ముక్కుతో ఎక్కడ పొడుస్తుందో నాకొక్కడికే తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒడ్డుకి అన్ని మైళ్ల దూరాన, ఫోను కూడా లేని మనిషికి అది తెలుసు. తెలిసే, చేపని పక్కకి నెట్టి, చెయ్యి నిండుగా వచ్చేలా తీశాడు.

ముసలమ్మ చప్పుడు చెయ్యకుండా తన గంపలతోపాటు చిట్టెమ్మ గంపలు కూడా వేలం వైపు జరుపుకుంది. మిగతావాళ్లకి హఠాత్తుగా ఎవరి పని వాళ్లకి గుర్తొచ్చింది. నేను మాత్రం సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు అక్కడే ఉండిపోయాను. ముసలివాణ్ణి ఎవరు పొమ్మంటారు?

"ఎడం సెయ్యి ఇలాగియ్యి" అంది చిట్టెమ్మ.

గురువులు అటూ ఇటూ చూసి, ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎండలోకి తిప్పింది. బొటనవేలి మొదట్లో తెల్లగా ఉన్న ఆ గాటు మీద వేలితో రాసింది.

"ఇదెప్పుడు తెగింది?"

"పెళ్లికి ముందే."

"మరి నాకెప్పుడూ సెప్పనేదేటి?"

"నువ్వడగనేదు."

చిట్టెమ్మ ఐసు పెట్టె మూత వేసి, దాని మీద సగం జాగా వదిలి కూర్చుంది.

"ఇప్పుడడుగుతన్నాను. కూకుని సెప్పు."